పోను కాగితం

ఏప్రిల్ 9

అక్కా,

నీ తమ్ముడు బతికే ఉన్నాడు. రెండు నెలలు ఉత్తరం రాయనందుకు తిట్టాల్సినవన్నీ ఈపాటికి తిట్టేసి ఉంటావు కాబట్టి నేను మళ్ళీ క్షమాపణలు చెప్పి కాగితం దండగ చెయ్యను.

విషయం ఏమిటంటే, మూడేళ్ళ తర్వాత మా బస్సుల ఆఫీసువాళ్ళకి నా మీద జాలి కలిగింది. మే నెలలో వరసగా నాలుగు రోజులు సెలవిచ్చారు. పదకొండు నుంచి పద్నాలుగు దాకా. వెంటనే నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. బుజ్జిదాన్ని ఇక్కడికి పంపించు. ఊరు చూపిస్తాను.

వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ అది నీ దగ్గరే ఉంది. నేనేమో ఏడాదికి రెండుసార్లు పొద్దున దిగి సాయంత్రం బండెక్కుతున్నాను. "బాగా చదువుతున్నావా?" అంటాను. "ఊఁ" అంటుంది. "ఏమన్నా కావాలా?" అంటాను. తల అడ్డంగా ఊపుతుంది. అంతే, మా తండ్రీకూతుళ్ళ ముచ్చట. పోయినసారి బండి కదిలాక లెక్కేసుకుంటే అది నాతో పదకొండు మాటలు మాట్లాడింది. ఇంకో రెండేళ్ళు ఇలాగే పోతే నేను దానికి దూరపు చుట్టాన్నయిపోతాను. ఆ భయం పట్టుకుంది నన్ను. నవ్వకు.

ప్రయాణం మొత్తం వేళలతో సహా కాగితం మీద వేశాను, దీంతోపాటు పెడుతున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఊరందరి బస్సులకీ వేళలు రాసేవాణ్ణి, నా కూతురికి రాయలేనా? మొదటి రోజు 9.10కి పద్నాలుగో నంబరు, 9.32కి చేపల మ్యూజియం. చేపలకి గంటా పది నిమిషాలు. దానికి చేపలంటే ప్రాణం కదా. చెప్పులు విప్పుకోవాల్సిన చోట మూడు నిమిషాలు, మళ్ళీ వేసుకోవడానికి రెండు. అన్నీ చూశాను.

ఫోనయితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నువ్వేమో ఆ మిల్లు మగ్గాలకి రెండు చెవులూ ధారపోసి కూర్చున్నావు. తొందరగా జవాబు రాయి.

నీ తమ్ముడు


ఏప్రిల్ 14

బస్సుల దొరగారికి,

ఉత్తరం అందింది. తిట్లు మొత్తం అవగొట్టలేదు, కొన్ని దాచి ఉంచాను, నువ్వొచ్చినప్పుడు ఇస్తాను.

ముందుగా ఒక మాట. దాన్ని బుజ్జిది అనడం మానెయ్. నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. పదిహేనేళ్ళు నిండాయి. నేను దాన్ని దొరసాని అంటున్నాను ఇప్పుడు, ఎందుకంటే పొద్దున లేచి జడ వేసుకోవడానికే ముప్పావుగంట పడుతుంది. చేపలంటే ప్రాణం అన్నావు, అది తొమ్మిదేళ్ళప్పటి మాటరా. ఇప్పుడు ఆ చేపల దగ్గర గంటా పది నిమిషాలు నిలబెట్టావంటే నిన్నే తొట్టిలో పడేస్తుంది.

మరి ఏమంటే ఇష్టం అని అడుగుతావు. అక్కడే చిక్కొచ్చింది. నాకూ సరిగ్గా తెలీదు. మా ఇద్దరి మధ్య వ్యవహారమంతా పలక మీదే కదా. నేను నోటితో అడుగుతాను, అది పలక మీద రాస్తుంది. "తిన్నా." "తలనొప్పి." "రేపు ఫీజు." "వెళ్ళొస్తా." వాళ్ళ టీచరు పెళ్ళి సంగతి కూడా రెండు ముక్కల్లో రాసి చెరిపేసింది. మంచి పిల్లే, ఒక్క పని చెప్పించుకోదు, ఎదురు తిరగదు. కానీ నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది. మన ఇంట్లో అందరికీ వాగుడే కదా, ఇది ఎవరి పోలికో అనుకుంటాను.

నీ ఉత్తరం చూపించాను. "సరే" అని రాసింది. చెరిపింది. మళ్ళీ ఇంకొంచెం పెద్దగా "సరే" అని రాసింది. అంటే సంబరంగానే ఉన్నట్టు లెక్క.

మిల్లులో నాకిప్పుడు పని తేలికే. మగ్గాల దగ్గర్నుంచి తీసేసి వెలుతురు బల్ల దగ్గర కూర్చోబెట్టారని చెప్పాను కదా. కింద దీపం, పైన అద్దం, అద్దం మీద బట్ట పారుతూ ఉంటుంది. పోగు తప్పిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. చెవులు లేనివాళ్ళకి కళ్ళు బాగా పనిచేస్తాయని మా మేస్త్రీ నమ్మకం. నిజమే అనుకో, పోగు తప్పితే నా కంట్లోంచి తప్పించుకుపోదు.

నీ కాగితం ఇంకా తీరిగ్గా చూడలేదు. ఆదివారం చూస్తాను. దానికి ఎన్ని జతలు సర్దాలో రాయి. అది అటు వెళ్తే నేను హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంటాను.

అక్క


ఏప్రిల్ 19

అక్కా,

చేపలు తీసేశాను. జంతువులు కూడా తీసేశాను. చెక్కగుర్రాలు గుండ్రంగా తిరిగేది ఒకటుంది, దాని మీద కూడా గీత కొట్టాను, చెయ్యి రాలేదు కానీ కొట్టాను. కొత్త కాగితం పెడుతున్నాను. పాతది చింపెయ్. ఇప్పుడు పుస్తకాల వీధి ఉంది, ఏటి మీద పడవ ఉంది, ఒక సినిమా ఉంది, ఇరవై రెండు అంతస్తుల మేడ మీదికి లిఫ్టులో పోవడం ఉంది. నాలుగో రోజు సాయంత్రం ఖాళీ పెట్టాను, అది ఎక్కడికంటే అక్కడికి. ఆ ఖాళీ పెట్టడానికి నాకెంత కష్టమైందో నీకు తెలీదు. మా ఆఫీసులో ఖాళీ అంటే తప్పు చేసినట్టు.

నా గది నీకు తెలుసు కదా. మెట్లెక్కగానే తలుపు, తలుపు తియ్యగానే గోడ. ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. మడతమంచం కొన్నాను. మధ్యలో తీగ కట్టి తెర వేలాడదీశాను. అవతలి సగం దానిది. గోడకి ఆరు మేకులు కొట్టాను, బట్టలు తగిలించుకోవడానికి. సుత్తి చప్పుడు విని కింది వాటా ఆవిడ వచ్చి "ఎవరన్నా వస్తున్నారా?" అంది. "మా అమ్మాయి వస్తోంది" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట బయటికొచ్చి ఎన్నాళ్ళయిందో. ఆవిడ వెళ్ళాక మళ్ళీ ఒకసారి అనుకుని చూశాను, గదిలో ఒక్కణ్ణే.

ఎన్ని జతలు అని అడిగావు. ఎన్నంటే అన్ని పెట్టు. చోటుకేం కొదవ? నా ఒంటి బతుక్కి సామానెంత. ఇన్నాళ్ళూ తండ్రి అనేవాడొకడు ఉన్నాడని దానికి తెలియకుండానే గడిపేశాను. ఇకనుంచైనా నా కూతుర్ని నేను చూసుకోవాలి అక్కా. నీ మీద మొత్తం వదిలేసి తిరిగింది చాలు.

పదకొండున స్టేషన్లో ఉంటాను. ఇప్పట్నుంచే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

తమ్ముడు


ఏప్రిల్ 25

తమ్ముడికి,

ఉత్తరం, రెండో కాగితం అందాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు చూశాను. అర్థమైంది.

మొదటే సూటిగా అడిగి ఉంటే బాగుండేది. సరే, తండ్రివి. నీ హక్కు నీది, కాదనడానికి నేనెవర్ని? ఆరేళ్ళు నా దగ్గర ఉంచావు, అది చాలు.

పదకొండు తెల్లవారుజాము బండికి ఎక్కిస్తాను. కావలసినవన్నీ సర్దుతున్నాను. ఏదీ మర్చిపోను, భయపడకు.

దానికి ఉదయం పాలు పడవు, టీ అయితే తాగుతుంది. ఎడమ కాలి మడమ దగ్గర చెప్పు ఒరుసుకుంటుంది, దూది పెట్టాలి. పరీక్షలప్పుడు గోళ్ళు కొరుకుతుంది. చూసీ చూడనట్టు ఊరుకో.

మిల్లులో పని ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయలేను.

అక్క


మే 2

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైకి అన్నీ బాగానే ఉన్నాయి, కానీ చదువుతుంటే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినట్టుంది. కోపమొచ్చిందా? సెలవు ఖాయం చేసుకున్నాక నీకు రాశానని, ముందే అడగలేదని బాధపడ్డావా? లేక "ఆరేళ్ళు చాలు" అన్నావంటే నిజంగానే అలసిపోయావా? అలసిపోయానని చెప్పు, నేనేమీ అనుకోను. వేరే ఎవరైనా అయితే ఆరు నెలలకే చేతులెత్తేసేవాళ్ళు. నువ్వు పెళ్ళీ పెటాకులూ వద్దనుకుని మిల్లునీ ఇంటినీ పట్టుకుని బతుకుతున్నదానివి, నీ నెత్తిన తొమ్మిదేళ్ళ పిల్లని పెట్టిపోయాను. ఆ సంగతి నాకు తెలుసు. ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు కానీ తెలుసు.

పోయిన ఆదివారం మొత్తం దారి ఒకసారి నడిచి చూసుకున్నాను. వాచీ చేత్తో పట్టుకుని, కాగితం రెండో చేత్తో పట్టుకుని. పుస్తకాల వీధిలో పిల్లలు చదివే పుస్తకాల ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను, అది అంతసేపు నిలబడుతుందని. షాపువాడు అనుమానంగా చూశాడు. పడవలో ఇద్దరికి ఒక బెంచీ. నేనొక్కణ్ణే కూర్చున్నాను, పక్కన చోటు వదిలి. పడవ నడిపేవాడు "ఇంకెవరన్నా రావాలా సార్?" అని అడిగాడు. వచ్చే నెల వస్తారు అన్నాను. పిచ్చివాడనుకుని ఉంటాడు. అనుకోనీ.

లిఫ్టు దగ్గర వరుసలో జనం ఎక్కువ. అక్కడ ఏడు నిమిషాలు పెంచాను.

ఏదన్నా ఉంటే రాయి. కోపమైనా పరవాలేదు, రాయి.

తమ్ముడు


మే 14

అక్కా,

నీకు ఎలా రాయాలో తెలియక మూడు రోజులాగాను.

పదకొండున బండి దిగింది. వెనకాలే ట్రంకు పెట్టె దిగింది. దాని వెనక పరుపుచుట్ట. దాని వెనక పుస్తకాల మూట. ఇద్దరు కూలీలు పట్టారు. నాలుగు రోజులకి ఇంత సామానేంటే అని నవ్వబోయి దాని మొహం చూశాను. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. దారంతా ఏడుస్తూ వచ్చినట్టుంది.

గదిలోకి రాగానే పెట్టె తెరిచాం. చలికాలం స్వెట్టర్లున్నాయి. పొట్టయిపోయిన పాత గౌన్లు కూడా ఉన్నాయి. ఉన్ని స్వెట్టర్ల మధ్య కవరులో మార్కుల కాగితాలు, దాని కింద స్కూలువాళ్ళిచ్చిన టీసీ. అది అప్పటిదాకా ఆ టీసీ చూడలేదట. చేతిలో పట్టుకుని పెట్టె మీద కూర్చుండిపోయింది. "అత్త నన్ను పంపించేసింది నాన్నా" అంది. నా దగ్గరికొచ్చాక అదే మొదటి మాట.

ఎందుకక్కా? నీకు భారమైతే నాకు ఒక్క ముక్క రాయకూడదా? నాకు కాకపోయినా దానికైనా చెప్పకూడదా? నేను అడిగాను కూడా, అలసిపోయావా అని. నీ మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. మొదటిసారి ఒళ్ళు మండింది.

ఇక ఊరు చూడ్డం అంటావా. మొదటి రోజు 9.10 బస్సు పోయింది. 9.40ది పోయింది. కిటికీలోంచి పద్నాలుగో నంబరు పదకొండుసార్లు పోవడం చూశాను. రెండో రోజూ అంతే. పెట్టె మీంచి మంచానికి, మంచం మీంచి పెట్టెకి. గుడ్డు ఉడకబెట్టి ఇస్తే సగం తింది. ఏడిచే ఆడపిల్లకి ఏం చెప్పాలో ఏ కాగితంలోనూ రాసుకోలేదు నేను.

మూడో రోజు పొద్దున నా ప్రయాణం కాగితం దాని కంటబడింది. చదువుతూ చదువుతూ "చెప్పులు విప్పుకోవడానికి మూడు నిమిషాలా?" అంది. అవీ చాలవేమో, ఒరుసుకుంటుందని అత్త తర్వాత రాసింది, దూది కూడా తీసిపెట్టాలి కదా అన్నాను. ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది. తర్వాత మొదలుపెట్టింది చూడు! ఇద్దరం పద్నాలుగో నంబరెక్కి ఆ చివరికి పోయి, దిగకుండా ఈ చివరికొచ్చి, మళ్ళీ ఆ చివరికి పోయాం. మూడు తిరుగుళ్ళు. ఎక్కడా దిగలేదు, ఏమీ చూడలేదు. అది మాట్లాడుతూనే ఉంది. కండక్టరు మమ్మల్ని చూసి నవ్వుకున్నాడు.

అప్పట్నుంచి ఆపలేదక్కా. పళ్ళు తోముకుంటూ నురగ నోటితోనే మాట్లాడుతుంది. తెర అవతల్నించి మాట్లాడుతుంది. నిద్రలో కూడా ఏదో గొణుగుతుంది. రెండు రోజులకే నా తల దిమ్మెక్కిపోయింది. ఆరేళ్ళు ఈ వాగుడు ఎలా భరించావు?

ఒకటి దాచకుండా చెప్తాను. నీ మీద కోపం ఉంది, నిజమే. కానీ అది నా దగ్గరికి వచ్చేసిందని లోపల్లోపల సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషానికి సిగ్గుగా ఉంది. మా వీధి చివర ఆడపిల్లల హైస్కూలుంది. వెళ్ళి అడగనా? నువ్వు చెప్పు.

తమ్ముడు


మే 17

ఒరే తెలివితక్కువ వెధవా,

వదిలించుకున్నానా? నేనా? దాన్నా?

నీ కాగితాలు రెండూ ముందు పెట్టుకుని చదువుకో. లేకపోతే నేను చదువుతాను. పదకొండు తెల్లవారుజామున బండెక్కడం ఉంది. దిగడం ఉంది. చెప్పులు విప్పడం ఉంది, వేసుకోవడం ఉంది, లిఫ్టు దగ్గర నిలబడ్డం ఉంది. పద్నాలుగు సాయంత్రం దాకా ఊపిరి పీల్చడానికి కూడా వేళ రాశావు. దాన్ని తిరిగి పంపించడం ఎక్కడరా? ఏ బండి? ఏ రోజు? చెప్పులకి ఐదు నిమిషాలు రాసినవాడు తిరుగు ప్రయాణం మర్చిపోతాడని ఎవరనుకుంటారు? పొద్దస్తమానం పోగు తప్పిన చోటు వెతికే దాన్ని నేను. మొదటి కాగితంలో చూశాను, పొరపాటేమో అనుకున్నాను. రెండో కాగితంలోనూ లేదు. దానికి తోడు మంచం కొన్నానన్నావు, మేకులు కొట్టానన్నావు, ఇకనుంచి నా కూతుర్ని నేనే చూసుకుంటానన్నావు. ఇంకేమనుకోను? అడగడానికి మొహం చెల్లక ఇలా తెలియజేస్తున్నాడు అనుకున్నాను. నేనూ అడగలేదు. అడిగితే, ఉంచనీరా అని నిన్ను బతిమాలుకున్నట్టు అవుతుందని. అదే నా తప్పు. నా పొగరు. ఒప్పుకుంటున్నాను.

స్కూలుకి నేనే వెళ్ళాను టీసీకి. గుమాస్తా కాగితం మీద "కారణం?" అని రాసి చూపించాడు. "తండ్రి దగ్గరికి" అని రాశాను. ఇంటికి తెచ్చి స్వెట్టర్ల మధ్య పెట్టాను. పొట్టయిన గౌన్లు ఎందుకు పెట్టానో తెలుసా? బీరువాలో వాటిని చూస్తూ నేనొక్కదాన్నే ఉండలేను కాబట్టి. దానికి చెప్పలేదంటావా? నువ్వు చెప్పి ఉంటావనుకున్నాను. అదేమో రెండు రోజులు పెట్టె చుట్టూ తిరిగి పలక మీద "ఇవన్నీ ఎందుకు?" అని రాసింది. "మీ నాన్నని అడుగు" అన్నాను. అంతటితో పలక పక్కన పెట్టేసింది. బండి కదిలేటప్పుడు కిటికీలోంచి ఏదో అంది. పెదాలు చూసి అర్థం చేసుకోవడం నాకెప్పుడూ రాలేదు. చెయ్యి ఊపాను.

నీ ఉత్తరంలో ఒళ్ళు మండిందన్న చోటిదాకా చదివేసరికి నిన్ను పట్టుకుని నాలుగు వాయించాలనిపించింది. ఆ తర్వాత ఇంకో ముక్క రాశావు. ఈ వాగుడు ఎలా భరించావు అని.

తమ్ముడూ, అది మాట్లాడుతుందని నాకు తెలీదురా.

మిల్లులో వెలుతురు బల్ల ముందు ఆ మాట జ్ఞాపకమొచ్చి బట్ట పారుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎన్ని గజాలు పోయిందో. మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు. ఆరేళ్ళు, ఒక్క ఇంట్లో. అది వచ్చిన కొత్తలో నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కాస్త వినపడేది, అప్పటి సన్నటి గొంతు నాకు తెలుసు. ఇప్పుడు దాని గొంతు ఎలా ఉంటుంది? నీలాగా బొంగురా, వాళ్ళమ్మలాగా సన్నమా? నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరందరికీ చెప్పాను. వినేవాళ్ళు లేక మూగదానిలా ఉందన్నమాట, వినే మనిషి దొరికేసరికి రెండు రోజులకే నీ తల దిమ్మెక్కించింది.

అందుకని ఆలోచించాను. ఉంచుకో. కోపంతో అనడం లేదు, కళ్ళు తుడుచుకునే రాస్తున్నాను. హైస్కూలుకి వెళ్ళి అడుగు. పదిహేనేళ్ళ పిల్ల ఇంట్లో రోజుకి నాలుగు ముక్కలు పలక మీద గీసుకుని బతకక్కర్లేదు. నేను వదిలించుకోలేదని మాత్రం దానికి అర్థమయ్యేలా చెప్పు. ఈ ఉత్తరమే ఇవ్వు, చదువుకుంటుంది.

ఇక్కడ పరవాలేదు. మిల్లుకి పోతాను, వస్తాను. వండింది రెండు పూటలా వస్తుంది. నిన్న రెండు కంచాలు పెట్టాను, ఒకటి తీసేశాను. అలవాటవుతుంది.

ఒక్క పని చెయ్యి నా కోసం. ఏదో ఒక రోజు, పొద్దున లేచిన దగ్గర్నుంచి అది మాట్లాడినవన్నీ రాసి పంపు. నువ్వు వేళలు రాస్తావు చూడు, అలా. ఒక్కటీ వదలకు. పిచ్చి మాటలైనా సరే.

అక్క


మే 21

అక్కా,

ముందు నా తప్పు సంగతి. మా ఆఫీసులో ప్రతి బస్సుకీ రెండు కాగితాలుంటాయి. బస్సు వెళ్ళేవేళలది పోను కాగితం, తిరిగొచ్చేవేళలది రాను కాగితం. పోను కాగితాలు నావి. రాను కాగితాలు ఎదురు బల్ల ఆయనవి. పంతొమ్మిదేళ్ళుగా నేను ఒక్క బస్సునీ వెనక్కి తీసుకురాలేదక్కా. పంపించడం వరకే నా పని, పేజీ చివరికి రాగానే గీత గీసేస్తాను. చెయ్యి దానంతటదే గీసేసింది. పదిహేనో తారీకు తిరుగు టిక్కెట్టు ఏప్రిల్‌లోనే కొన్నాను. ఇప్పటికీ నా చొక్కా జేబులో ఉంది, పనికిరాకుండా. ఎదురు బల్లాయనకి ఈ కథ చెప్తే నవ్వి నవ్వి, "నన్ను అడిగుంటే రాసిచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడు.

నీ ఉత్తరం దానికి ఇచ్చాను. తెర అవతలికి తీసుకెళ్ళి చదువుకుంది. బయటికొచ్చి "మీ ఇద్దరికీ బుద్ధి లేదు" అంది. నిజమే అన్నాను.

నిన్న ఆదివారం, ఆఫీసు లేదు, నిన్నటి మాటలు రాస్తున్నాను. నోట్‌బుక్కు పట్టుకుని దాని వెంట తిరిగాను. అది గమనించి "ఏం చేస్తున్నావ్?" అంది. అత్త రాయమంది అన్నాను. కాసేపు బిగుసుకుపోయింది. ఆ తర్వాత మామూలే.

6.50. నాన్నా, నీ కుళాయి ఏడుస్తోంది, రాత్రంతా నిద్ర లేదు.

7.15. టీలో పంచదార ఎవరన్నా ఇంత వేస్తారా? నువ్వు చీమవా?

7.40 నుంచి 8.30 దాకా ఆగకుండా: లెక్కల టీచరు చెవిలో పెన్సిలు పెట్టుకుని మర్చిపోయి క్లాసంతా వెతుక్కుంటాడు. నా పక్క బెంచీ పిల్ల నాతో మాట్లాడ్డం మానేసింది, ఎందుకో చెప్పదు, నేనేం చేశానో నాకు తెలీదు, రోజూ బడికి వెళ్ళేటప్పుడు ఇవాళన్నా మాట్లాడుతుందేమో అనుకుంటాను. నేను జుట్టు కత్తిరించుకుంటే అత్త ఏడుస్తుందా? నాకు నర్సు అవ్వాలని ఉంది, రక్తం చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి, అలవాటవుతుందా?

9.10. పద్నాలుగో నంబరు వచ్చింది చూడు నాన్నా, నీ బస్సు. సరిగ్గా 9.10కే వచ్చింది! నువ్వు గొప్పోడివే.

10.05, పడవలో. ఈ బెంచీ ఇద్దరికి చాలా ఇరుకు. జరుగు.

11.20. చేపల మ్యూజియం ఎందుకు తీసేశావ్? నేను తియ్యమన్నానా?

1.30. నాన్నా, రోజూ ఇలాగే తింటావా, గోడ వైపు తిరిగి ఒక్కడివే?

కంచం పట్టుకుని దాని వైపు తిరిగి కూర్చున్నాను.

మధ్యలో రెండు పేజీలు వేరే కాగితాల మీద ఉన్నాయి, వాటినీ పెడుతున్నాను. గొంతు ఎలా ఉందని అడిగావు. బొంగురే. నా పోలికే, పాపం.

సాయంత్రం హైస్కూలు దాకా నడిచాం. గేటు మూసి ఉంది. ఊచల్లోంచి చూసి "బాగుంది" అంది. ఇవన్నీ అత్తకి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదే, పాపం ఎంత బాధపడిందో చూశావా అన్నాను. నా వంక వింతగా చూసింది. "చెప్పకపోవడమేంటి? రోజూ చెప్పేదాన్ని" అంది. ఆ తర్వాత చెప్పిన దాన్ని మాత్రం అత్తకి రాయొద్దంది. రాస్తున్నాను. ఆరేళ్ళు నువ్వు మోసిన సంగతి నీకు తెలియకుండా పోతే నేను మనిషిని కాదు.

నువ్వు అంట్లు తోముకుంటుంటే వెనక పీట వేసుకుని కూర్చునేదట. నీ వీపుకి చెప్పేదట అన్నీ. మొదటి ఏడాదంతా వాళ్ళమ్మ గురించే చెప్పిందట. ఆస్పత్రిలో చివరి రోజు అమ్మ పిలిస్తే భయమేసి దగ్గరికి వెళ్ళలేదట. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలీదు, నీ వీపుకి తప్ప. తర్వాత బడి సంగతులు, పక్క బెంచీ పిల్ల, నా మీద కోపం, అన్నీ. ఏడ్చేదట కూడా. నువ్వు గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుని ఇటు తిరిగేసరికి అయిపోయేదట. పలక మీద "తిన్నా" అని రాసేదట.

"ఇప్పుడు నేనున్నాను కదమ్మా. నాతో చెప్పుకో అన్నీ" అన్నాను.

"నీకు వినిపిస్తుంది కదా నాన్నా" అంది.

కసిరినట్టు అనలేదు. నెమ్మదిగా, నాకు దెబ్బ తగలకుండా అంది. అర్థమైందక్కా. నేను వింటాను, విని బాధపడతాను, మర్నాడు మళ్ళీ అడుగుతాను. సరదా మాటలకైతే నేను సరిపోతాను. వాళ్ళమ్మ సంగతి కూడా నీ వీపు గురించి చెప్తూ చెప్తూ నోరు జారింది గానీ, నా కోసం చెప్పింది కాదు. గేటు ముందు నిలబడి నేనే అడిగాను, అత్త దగ్గరికి వెళ్తావా అని. "నువ్వు ఏడవనంటే వెళ్తాను" అంది. ఏడవనన్నాను. హైస్కూలు వాళ్ళని అడగను ఇక. దసరా సెలవులకీ వేసవికీ వస్తానంది. మంచం మడవకుండా ఉంచుతాను.

ఇరవై ఆరున సాయంత్రం నాలుగింటి బండికి దిగుతుంది. టీసీ వెనక్కి ఇస్తున్నాను, బడి తెరవగానే ఇచ్చెయ్. వీపు సంగతి నీకు రాసినట్టు మాత్రం దానికి తెలియనివ్వకు.

ఆ పూట అంట్లు నువ్వే తోము అక్కా. నిదానంగా తోము. ఎంతసేపైనా సరే, వెనక్కి తిరగకు.

తమ్ముడు